ఆ ఫారంలో ‘తెలుగు’ అనే రాయండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన వారమంతా మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఇక్కడికి, టెక్సస్‌కి వచ్చిన రెండో తరగతి బాబు, తను రోజూ వెళ్ళే స్కూల్లో బాత్రూమ్‌కి వెళ్తానని ఇంగ్లిష్‌లో అడగలేక క్లాసులోనే బట్టలు తడుపుకున్నాడు. మర్నాటి నుంచి స్కూలుకు పోనని ఒకటే ఏడుపు. వాళ్ళ అమ్మానాన్నలు సరేనన్నారు కాబట్టే ఇక్కడ రాస్తున్నాను. గ్రూపులో కొందరు ఆ టీచర్‌ని తిట్టారు. ఇంకొందరు “పిల్లాడికేదో ప్రాబ్లం ఉన్నట్టుంది, ఎవరికైనా చూపించండి” అని సలహా ఇచ్చారు. బాబుని ఒక్కసారైనా చూడకుండా ఆ మాట అన్నవాళ్ళు దయచేసి ఆ మెసేజ్ తీసేయండి. ఆదివారం మన తెలుగు బడి క్లాసులో వాణ్ణి నేను చూశాను. పక్కనున్న ఇద్దరికి తన పాత స్కూలు బస్సు డ్రైవర్ గురించి గడగడా చెప్పి నవ్విస్తున్నాడు. ఆ బిడ్డకి ఏ లోపమూ లేదు.

వాడు అడగలేదని అంటున్నారు గానీ, అడిగాడు. మన దగ్గర అడిగినట్టే చిటికెన వేలు చూపించాడు. హైదరాబాద్‌లో అయితే టీచర్ తల ఊపేది, పరిగెత్తేవాడు. ఇక్కడి టీచర్‌కి అదేమిటో అర్థం కాలేదు. నవ్వి పాఠంలోకి వెళ్ళిపోయింది. ఇంకోసారి వేలు చూపించే ధైర్యం వాడికి లేకపోయింది.

మరి ఈ బాబుకి ఇంగ్లిష్‌లో సాయం కావాలని ఆ స్కూలుకి ఎందుకు తెలియలేదు? చేర్చేటప్పుడు ఫారంలో ఇంటి భాష ‘ఇంగ్లిష్’ అని రాశారు కాబట్టి. అలా రాయమని ఎవరో చెప్పారట. నాకు బాధ కలిగించేది ఈ సలహాయే. టెక్సస్‌కి వచ్చిన ప్రతి కొత్త తెలుగు కుటుంబానికీ ఎవరో ఒకరు దీన్ని అందిస్తూనే ఉన్నారు. “తెలుగు అని రాస్తే ఈఎస్‌ఎల్‌లో పడేస్తారు, పిల్లలు వెనకబడిపోతారు” అని. ఈఎస్‌ఎల్ అంటే ఇంగ్లిష్ ఇంటి భాష కాని పిల్లలకి స్కూలు ఇచ్చే ఇంగ్లిష్ సాయం.

ఈ ఒక్క విషయం నిదానంగా చదవండి. ఈ రాష్ట్రంలో పబ్లిక్ స్కూల్లో కొత్తగా చేర్చేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వే అనే ఫారం ఇస్తారు. ఇంట్లో ఏ భాష వాడతారు, బిడ్డ ఏ భాష వాడతాడు అని అడుగుతారు. తెలుగు అని రాస్తే జరిగేది ఇంతే: చేరిన నాలుగు వారాల్లోపు బిడ్డకి ఇంగ్లిష్ ఎంత వచ్చో చూడటానికి ఒక పరీక్ష పెడతారు. బాగా వస్తే మామూలు క్లాసే, ఇంకేమీ ఉండదు. కొంచెం తక్కువైతే ఈఎస్‌ఎల్ సాయం ఇస్తామంటారు. అదీ మీరు సరేనంటేనే. వద్దనే హక్కు మీకుంది. ఈఎస్‌ఎల్‌లో ఉన్నంత మాత్రాన బాగా చురుకైన పిల్లల కోసం నడిపే గిఫ్టెడ్ ప్రోగ్రాం తలుపులు మూసుకుపోవు. రెండూ వేరు. లెక్కలు, సైన్సు ఆగిపోవు. పైగా భాష కోసం శిక్షణ పొందిన టీచర్ మీ బిడ్డని ప్రత్యేకంగా గమనిస్తుంది. దీన్ని శిక్షగా ఎవరు మార్చారో నాకు అర్థం కాదు. ఈ సాయం ఎవరో దయతలచి ఇచ్చింది కూడా కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లిష్ రాక పాఠం అర్థంకాక కూర్చున్న చైనీస్ పిల్లల కోసం వాళ్ళ కుటుంబాలు కోర్టుకెక్కితే, 1974లో సుప్రీంకోర్టు వాళ్ళ పక్షాన తీర్పు ఇచ్చింది. ఒకే గది, ఒకే పుస్తకం, ఒకే టీచర్ ఇస్తే సమానంగా చూసినట్టు కాదని ఆ తీర్పు తేల్చింది. అంతగా పోరాడి తెచ్చుకున్న హక్కుని మనం ఒక్క పెన్ను గీతతో వదులుకుంటున్నాం. ఎందుకు? మన ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాయడానికి సిగ్గుపడి! ఇంట్లో అమ్మ భాష మాట్లాడే పిల్లలకి ఇంగ్లిష్ రాకుండా పోదు. ఇంగ్లిష్ స్కూలే నేర్పుతుంది, రోజుకి ఏడు గంటలు. తెలుగు నేర్పేది మీరొక్కరే. మీరు ఆపేస్తే ఇక ఇంకెవరూ లేరు.

ఇప్పటికే ఇంగ్లిష్ అని రాసేసినవాళ్ళు, చేరి రెండు వారాలు దాటకపోతే, పరీక్ష ఇంకా పెట్టకపోతే, స్కూలుకి వెళ్ళి దిద్దమని అడగండి. గడువు దాటిపోతే ఊరుకోకండి. “ఇంట్లో మాది తెలుగు, మా బాబు క్లాసులో నోరు విప్పడం లేదు” అని క్లాస్ టీచర్‌కి ఈమెయిల్ పెట్టండి. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు మౌనంగా ఉండటం టీచర్లకి తెలిసిన విషయమే. వాళ్ళకి ముందే చెబితే కంగారుపడరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా లేక కాగితాల్లో పేరు ముందు ఎఫ్‌ఎన్‌యూ (‘ఫస్ట్ నేమ్ అన్‌నోన్’, అంటే మొదటి పేరు తెలియదు) అని పడిన పిల్లలు మన దగ్గర ముగ్గురు నలుగురున్నారు. మొదటి రోజు హాజరు పిలుస్తూ టీచర్ ‘ఫ్నూ’ అని పిలిస్తే ఆ బిడ్డ ఎలా పలుకుతుంది? ఇంట్లో ఏమని పిలుస్తారో అది కూడా ఆ ఈమెయిల్లోనే రాయండి.

ఇక నా మనసు నింపిన సంగతి. ఆ బాబు స్కూల్లోనే ఐదో తరగతి చదువుతున్న మన తెలుగు బడి అమ్మాయి, సంగతి తెలిసిన రోజు రాత్రే కూర్చుని అట్టముక్కల మీద బొమ్మలు వేసింది. బాత్రూమ్, మంచినీళ్ళు, కడుపునొప్పి, ‘నాకు అర్థం కాలేదు’. ఒక్కో బొమ్మ కింద అడగాల్సిన ఇంగ్లిష్ వాక్యాన్ని తెలుగు అక్షరాల్లో రాసింది, వాడు చదువుకునేలా. ‘రెస్ట్‌రూమ్’లో ఒత్తు, పొల్లు అన్నీ సరిగ్గా పెట్టింది! రెండేళ్ళ క్రితం గుణింతాలంటే ముఖం తిప్పుకున్న పిల్ల ఇది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఇప్పుడు రోజూ స్కూలు బస్సులో వాడి పక్కనే కూర్చుంటోంది. బుధవారం నుంచి వాడు మళ్ళీ స్కూలుకి వెళ్తున్నాడు. ఈ అమ్మాయిని చూసి మూడో తరగతి కవలలిద్దరూ తమ స్కూల్లో చేరిన నెల్లూరు పాపకి ఇలాంటివే తయారుచేస్తున్నారు. ఆ అట్టలన్నీ మన బడి గోడమీద పెడతాను. తప్పకుండా వచ్చి చూడండి.

మీ ఇంటి విషయం ఒకటి చెప్పాలి, మరోలా అనుకోకండి. స్కూలు నుంచి లంచ్ డబ్బా ముట్టుకోకుండా తిరిగొస్తోందని చాలామంది అమ్మలు నాతో అన్నారు. ఇక్కడ తినడానికి ఇచ్చే సమయం తక్కువ. ఎవరూ మూత తీసిపెట్టరు, ఎవరూ బతిమాలరు. ఏడేళ్ళ బిడ్డకి ఇంట్లో ఇంకా టాబ్లెట్ చూపిస్తూ ముద్దలు పెడుతుంటే, స్కూల్లో చేయి డబ్బాలోకి ఎలా వెళ్తుంది? మీ ప్రేమ నాకు తెలుసు. నేనూ అమ్మనే. అయినా ఈ శనివారం నుంచే తన డబ్బా తనే తెరిచి, తన చేత్తో తిననివ్వండి. కింద పడితే తుడుచుకుంటారు. అలాగే ఇండియా కాల్స్ కోసం పిల్లల్ని రాత్రి పదకొండు దాకా మెలకువగా ఉంచి, ఆదివారం పొద్దున నా క్లాసులో ఆవలిస్తున్నారేమని అడిగితే నేనేం చెప్పను? తాతయ్యలకి, అమ్మమ్మలకి పొద్దున ఫోన్ చేయండి. అప్పుడు వాళ్ళకి సాయంత్రమే, వాళ్ళూ తీరిగ్గా ఉంటారు.

మిగతావి గబగబా. రెండో టర్మ్ ఫీజు, పుస్తకాల డబ్బు ఈ నెలాఖరులోగా కట్టేయండి. దసరా వారం క్లాసు ఉండదు. టీకాల కాగితాల్లో హెపటైటిస్-ఏ, ఆటలమ్మ టీకాలు రెండేసి డోసులున్నాయో లేదో చూసుకోండి. ఇండియాలో ప్రభుత్వం వేసే టీకాల్లో అవి లేవు, ఇక్కడ స్కూళ్ళు అడుగుతాయి. పార్కింగ్‌లో పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కారు కదిలించడం ఇకపై చూస్తే నేనే అడ్డం నిలబడతాను. ఎనిమిదేళ్ళు నిండేవరకు, నాలుగడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు దాటితే తప్ప, కారు సీటు ఉండాల్సిందే. అది ఈ రాష్ట్రపు చట్టం.

వచ్చే ఆదివారం క్లాసు అయ్యాక గంటసేపు ఆఫీసు గదిలోనే ఉంటాను. కొత్తగా వచ్చినవాళ్ళు స్కూలు ఫారాలు పట్టుకురండి, కలిసి నింపుదాం. కారు లేని అమ్మలు ముందురోజు ఒక మెసేజ్ పెట్టండి, దగ్గర్లో ఉన్నవాళ్ళతో చెప్పి తీసుకొచ్చే ఏర్పాటు చేస్తాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు