భర్త బరువు కూడా చూడాలి

సంపాదకులకు,

సంతానం కలగడం లేదని జంట ఆస్పత్రికి వెళ్తే భార్య బరువు, థైరాయిడ్, పీసీఓడీ అన్నీ ఫైలుకెక్కుతాయి. భర్తను మాత్రం చాలాచోట్ల వేయింగ్ మెషిన్ కూడా ఎక్కించరు.

మన దేశంలో ఎత్తును బట్టి బరువును లెక్కించే బీఎంఐ 25 దాటితే ఊబకాయమే. 5 అడుగుల 7 అంగుళాల మగవాడికి అది సుమారు 72 కిలోలు. నడుము 90 సెంటీమీటర్లు మించకూడదు. పొట్ట కొవ్వులోని ఆరోమటేజ్ అనే ఎంజైమ్ పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను స్త్రీ హార్మోన్ ఈస్ట్రాడియాల్‌గా మారుస్తుంది. ఈస్ట్రాడియాల్ పెరిగేసరికి వృషణాలను పనిచేయించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లను మెదడు తగ్గించేస్తుంది. తొడల మధ్య వేడి దీనికి తోడు. లావుగా ఉన్న అందరికీ వీర్యకణాలు తగ్గుతాయని కాదు. మరీ బక్కపలచని వారిలోనూ తగ్గవచ్చు.

అసలు ప్రమాదం తర్వాత మొదలవుతుంది. రిపోర్టులో టెస్టోస్టిరాన్ తక్కువ కనబడగానే ఆ ఇంజెక్షనే పొడిచేస్తారు. జిమ్‌లలో అయితే రిపోర్టు కూడా అక్కర్లేదు! గోరుచుట్టుపై రోకటిపోటు ఇదే. బయటి హార్మోన్ అందితే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పడిపోతాయి, కణాల సంఖ్య సున్నాకు చేరవచ్చు. మానేశాక కోలుకోవడానికి నెలలు, కొందరికి ఏడాదికి పైనే పడుతుంది. పైగా ఊబకాయంలో రక్తంలో ఈ హార్మోన్‌ను మోసే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్ తగ్గడం వల్ల మొత్తం టెస్టోస్టిరాన్ ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. అందుకే ఉదయం 10 లోపు, పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు రక్తమిచ్చి, ఎస్‌హెచ్‌బీజీ కూడా చూపించుకోవాలి.

వీర్య పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు స్ఖలనం లేకుండా ఎడం ఉండాలి. మొదట వచ్చే భాగంలోనే కణాలు ఎక్కువ, అది కింద పడిపోతే లెక్క తప్పుతుంది. సబ్బు, నూనె, మామూలు కండోమ్ వాడకూడదు. ఇంట్లో తీస్తే చల్లబడకుండా అరగంటలో, ఎంత ఆలస్యమైనా గంటలోపు ల్యాబ్‌కు చేర్చాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మాన్యువల్ ప్రకారం దిగువ హద్దు మిల్లీలీటరుకు కోటీ 60 లక్షల కణాలు, వాటిలో కదిలేవి 42 శాతం. ఇవి పాస్ మార్కులు కావు. హద్దుకు కింద ఉన్నా గర్భం రావచ్చు. ఈమధ్య జ్వరం వచ్చి ఉంటే మళ్లీ చేయించాలి.

కణం తయారై బయటికి రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. కాబట్టి బరువు తగ్గిన మరునెలే పరీక్ష చేయించి నిరాశపడొద్దు. భార్యకు 35 దాటి ఉంటే మాత్రం అతని బరువు తగ్గేదాకా చికిత్స ఆపకూడదు, రెండూ కలిపి నడిపించాలి.

– ఒక ఆండ్రాలజిస్ట్ (పురుషుల సంతాన సమస్యల వైద్యుడు), హనుమకొండ