లిఫ్ట్ అడిగే పిల్లలకు ఒక పాత లారీ డ్రైవర్ చెప్పేది

సంపాదకులకు నమస్కారం.

జేబులో రూపాయి లేకుండా లిఫ్టులు అడుగుతూ హైదరాబాద్ నుంచి లద్దాఖ్ దాకా వెళ్లొచ్చిన కుర్రాడి గురించి పోయిన ఆదివారం మీ పత్రికలో రాశారు. మా మనవడు ఇంటర్ చదువుతున్నాడు. ఆ పేజీ కత్తిరించి బీరువా తలుపుకు అంటించుకున్నాడు. వాడికి చెప్పాల్సిన మాటలే మీకు రాస్తున్నాను. వాడి వయసు పిల్లలు ఇంకా చాలామంది అది చదివి ఉంటారు. నేను 1979లో పదహారేళ్లకు క్లీనర్‌గా లారీ ఎక్కాను. 1985 నుంచి 2021 దాకా స్టీరింగ్ పట్టాను. లిఫ్ట్ అడిగేవాళ్ల కథలు పేపర్లలో వస్తూనే ఉంటాయి. ఎక్కించుకున్నవాడి మాట నాకెక్కడా కనిపించలేదు.

2018 డిసెంబర్‌లో గుంటూరు యార్డు నుంచి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎత్తుకుని నాగ్‌పూర్ పోతున్నాను. నిర్మల్ దాటి, ఘాట్ ఎక్కి నేరడిగొండ వైపు వచ్చేసరికి రాత్రి పదిన్నర. మలుపు తిరగ్గానే రోడ్డు అంచున తెల్లగీత మీద ఒక మనిషి. నల్ల జాకెట్, నల్ల బ్యాగు. లైటు అతని మీద పడేటప్పటికే మా మధ్య పాతిక గజాలు కూడా లేవు. లోడుతో నా పది చక్రాల బండి 25 టన్నులు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 16 మీటర్లకు పైనే పోతుంది. ఆపడం నా చేతుల్లో లేదు. కుడికి లాగాను. వెనకాల కారు ఏదీ లేదు కాబట్టి బతికాం. చాలా ముందుకు పోయి పక్కకు ఆపి, కాళ్లు వణుకుతుంటే దిగి నిలబడ్డాను. ఆ పిల్లాడు పరుగెత్తుకుంటూ వచ్చి "బాబాయ్, నాగ్‌పూర్ దాకా ఎక్కించుకుంటారా?" అన్నాడు. నేను ఆగింది తన కోసమే అనుకున్నాడు. అనకాపల్లి కుర్రాడు, ఇంజినీరింగ్ అప్పుడే అయిపోయింది. తిట్టాల్సినంత తిట్టి ఎక్కించుకున్నాను. డిసెంబర్ చలిలో ఆ అడవి రోడ్డు మీద వదిలిపోవడానికి మనసు ఒప్పలేదు.

పిల్లలూ, చీకటి పడ్డాక రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపొద్దు. మలుపులో, ఎత్తు ఎక్కే చోట, వంతెన మీద పగలైనా వద్దు. లోడు బండిని ఎత్తులో ఆపితే మళ్లీ కదిలించడం ఎంత కష్టమో డ్రైవర్‌కు తెలుసు, అందుకే ఆపడు. మీ ముందు వంద గజాల తిన్నటి రోడ్డు, పక్కన బండి దిగడానికి చోటు ఉండాలి. లేత రంగు చొక్కా వేసుకోండి. బొటనవేలు చూపిస్తే ఊళ్లో బైకువాళ్లకు అర్థమవుతుంది కానీ హైవేలో చెయ్యి చాపి, అరచెయ్యి కిందికి పెట్టి నిదానంగా ఊపాలి.

అసలు రోడ్డు మీద ఆపడం కంటే ఆగి ఉన్న బండి దగ్గరకు వెళ్లి అడగడం మేలు. ఒకప్పుడు రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టులే అందుకు మంచి చోట్లు. ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురంలో, తడ దగ్గర భీమునివారిపాలెంలో కాగితాల కోసం గంటలకొద్దీ వరసలో ఉండేవాళ్లం. అక్కడే మాట కలిసేది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ఆ వరసలు పోయాయి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోల్‌గేటు దగ్గర కూడా ఎవరూ ఎక్కువసేపు ఆగడం లేదు. ఇక మిగిలినవి డీజిల్ బంకులు, డాబాలు, టీ కొట్లు. డ్రైవర్ టీ తాగుతుండగా వెళ్లి "అన్నా" అని పలకరించండి. పెన్‌గంగ వంతెన దాటి మహారాష్ట్రలోకి వెళ్లాక "ఉస్తాద్" అంటే పలుకుతారు. అతను మీ ముఖం చూస్తాడు, మీరు అతని ముఖం చూస్తారు. మందు వాసన వచ్చినా, కళ్లు ఎర్రబడి మాట తడబడుతున్నా అక్కడే తెలిసిపోతుంది. ఆ బండి ఎక్కొద్దు.

ఊరికే ఎక్కించుకుంటాడా, డబ్బులు తీసుకుంటాడా అన్నది ఎక్కేముందే తేల్చుకోండి. మన దగ్గర లారీలో మనిషిని ఎక్కించుకుని ఎంతో కొంత తీసుకోవడం పాత అలవాటే. దిగేటప్పుడు గొడవ పడితే ఇద్దరికీ బాధ. బండి నంబరు ఫొటో తీసి, అతని ఎదుటే "మా అమ్మకు పంపుతున్నానన్నా" అని చెప్పి ఇంటికి పంపండి. నాకు ఇద్దరు ముగ్గురు పిల్లలు అలా చెప్పారు, ఒక్కసారి కూడా తప్పుగా అనుకోలేదు. ఆ మాటకు ముఖం మాడ్చుకున్నవాడి బండి మీకు వద్దు.

మీ కథనంలో లేని సంగతి ఒకటుంది. సరకు లారీలో మనిషిని ఎక్కించుకోకూడదు. పట్టుబడితే జరిమానా కట్టేది డ్రైవరే. ఏదైనా జరిగితే, ఊరికే ఎక్కినవాళ్లకు బీమా కంపెనీ పరిహారం ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు ఏనాడో తేల్చింది. అందుకని ఇల్లు కదిలేముందు మీ బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టండి. ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల దాకా ఎవరైనా కట్టొచ్చు. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకు 2 లక్షలు వస్తాయి. రాయడానికి మనసు రాని మాటే కానీ తెలిసుండాలి. వీలైనంత వరకు లారీ కంటే కారు అడగండి.

క్యాబిన్ డ్రైవర్‌కు ఇల్లు. నెలలో ఇరవై రోజులు అక్కడే తింటాడు, అక్కడే పడుకుంటాడు. చెప్పులు విప్పి ఎక్కండి. డ్యాష్‌బోర్డు మీద దేవుడి పటం ఉంటుంది, అటు కాళ్లు చాపొద్దు. ఎడమ అద్దం కనిపించకుండా బ్యాగు పెట్టొద్దు. పాత బండి అయితే ఇంజన్ వేడి క్యాబిన్‌లోకే వస్తుంది. ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేసింది 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే లారీలకే. కాబట్టి నూలు బట్టలు, రెండు లీటర్ల నీళ్లు దగ్గర పెట్టుకోండి.

దయచేసి డ్రైవర్‌ను వీడియో తియ్యొద్దు. నాతో పనిచేసిన ఒకతను వర్షంలో తడుస్తున్న ఇద్దరు పిల్లలను ఎక్కించుకున్నాడు. వాళ్లు మంచి మనసుతోనే "ఈ అన్న ఎంత మంచివాడో చూడండి" అని వీడియో పెట్టారు. బండి మీద పేరు, నంబరు అన్నీ కనిపించాయి. ఓనర్ అది చూసి వారంలో పనిలోంచి తీసేశాడు. ముగ్గురు పిల్లల తండ్రి అతను.

మళ్లీ ఆ మిర్చి లోడు రాత్రి సంగతికి వస్తాను. ఆదిలాబాద్ దాటాక భోజనం చేసి బయల్దేరాం. అప్పటికి రెండేళ్లుగా నాకు క్లీనర్ లేడు. ఖర్చు తగ్గుతుందని ఓనర్లు చాలామంది ఒక్క డ్రైవర్‌తోనే బండి పంపుతున్నారు. రాత్రంతా పక్కన మనిషి ఉండడు. మేము మిమ్మల్ని ఎక్కించుకోవడానికి జాలి ఒక్కటే కారణం కాదు, పక్కన ఒక గొంతు వినపడాలని కూడా. ఆ పిల్లాడితో చెప్పాను, "నాకు డబ్బులొద్దు, నువ్వు నిద్రపోకుండా మాట్లాడుతుంటే చాలు" అని. వాడు వాళ్ల కాలేజీ సంగతులు, వాళ్ల నాన్న బెల్లం గానుగ సంగతులు చెబుతూనే ఉన్నాడు. హింగణ్‌ఘాట్ దగ్గర మూడున్నర అయింది. కళ్లు తెరిచే ఉన్నాననుకున్నాను. "బాబాయ్, ఆపండి, టీ తాగుదాం" అని వాడు నా భుజం మీద గట్టిగా తట్టేసరికి బండి ఎడమ అంచు మట్టిలో ఉంది. ఆపి, ముఖం కడుక్కుని, గంట పడుకుని లేచాను. వాడు నా పక్కనే మేలుకుని కూర్చున్నాడు.

తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా చాలా చెడ్డ సమయం. అప్పుడు బండిలో ఉంటే మీరు నిద్రపోవద్దు. డ్రైవర్ ఆవలింతలు చూడండి, మాటకు జవాబు ఆలస్యం కావడం గమనించండి. మొహమాటపడకుండా టీకి ఆపమని అడగండి. ఆపనంటే వెలుతురున్న బంకు దగ్గర దిగిపోండి.

పడక గురించి ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. ఆగి ఉన్న లారీ కింద నీడకు కానీ, దాని వెనక కానీ పడుకోవద్దు. డ్రైవర్‌కు ఆ చోటు కనిపించదు. నిద్రలేచి సెల్ఫ్ కొట్టి వెనక్కి తీస్తాడు. అలా పోయినవాళ్లను నేను కళ్లారా చూశాను. డాబాలో భోజనం చేసి, యజమానిని అడిగితే మంచం ఇస్తాడు. బ్యాగు పట్టీ కాలికి తగిలించుకోండి. బంకుల్లో మరుగుదొడ్డి, తాగే నీళ్లు ఉచితంగా ఇవ్వాలి, అడగడానికి సిగ్గుపడొద్దు. పెద్ద బంకుల్లో అప్నా ఘర్ పేరుతో ఉన్న పడకలు డ్రైవర్ల కోసం కట్టినవి, అవి వాళ్లకు వదిలెయ్యండి. నిర్మల్ నుంచి భైంసా మీదుగా నాందేడ్ వెళ్తే హజూర్ సాహిబ్ గురుద్వారాలో ఎవరికైనా అన్నం పెడతారు. తలకు గుడ్డ కట్టుకుని, కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లాలి, రొట్టె రెండు చేతులతో అందుకోవాలి. తిన్నాక గిన్నెలు కడిగే చోట గంట పనిచేసి రండి.

ఆడపిల్లల సంగతి మా కూతురు అడిగింది. నేను సూటిగానే చెప్పాను. రాత్రిపూట ఒంటరిగా లారీ ఎక్కమని ఎవరికీ చెప్పను. తప్పు వాళ్లది కాదు, రోడ్డు ఇంకా అలాగే ఉంది. కానీ తిరగాలనుకునే ఆడపిల్లకు దారి ఉంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి, ఎవరి రాష్ట్రంలో వాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. ఆధార్ కార్డు పెట్టుకుని, బస్సులు మారుతూ ఇచ్ఛాపురం నుంచి తడ దాకా రూపాయి లేకుండా చూసి రావచ్చు.

ఇక రూపాయి లేకుండా తిరగడం గొప్ప అన్న మాట దగ్గర నేను ఒప్పుకోను. మీకు అన్నం పెట్టిన డ్రైవర్ తన బత్తాలోంచి, అంటే దారి ఖర్చులకు ఓనర్ ఇచ్చే డబ్బులోంచి, పెట్టాడు. బత్తా మిగిలితేనే అతను ఇంటికి నాలుగు రూపాయలు పంపగలడు. కనీసం తిరుగు రైలు చార్జీ, రెండు చోట్ల విడివిడిగా దాచిన ఐదేసి వందలు ఉండాలి. మీ టీ డబ్బులు, వీలైతే అతని టీ డబ్బులు మీరివ్వండి. ఫోన్ చార్జింగ్ అయిపోతుంది కాబట్టి ఇంటి నంబర్లు కాగితం మీద రాసుకోండి. జాతీయ రహదారి మీద ఆపద వస్తే 1033, ఎక్కడైనా 112. ఎక్కడున్నారని వాళ్లు అడుగుతారు, పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి మీద అంకె చదివి చెప్పండి.

మా మనవడికి వచ్చే ఏడు పద్దెనిమిది నిండుతాయి. నిండగానే బ్యాంకుకు తీసుకెళ్లి ఆ 20 రూపాయల బీమా కట్టించి, తెల్ల చొక్కా కొనిచ్చి నేనే పంపుతాను. మీరు ఈసారి ఇలాంటి కథనం వేసేటప్పుడు పక్కన ఆ రెండు నంబర్లు అచ్చువేయండి. ఆ పిల్లలను ఎక్కించుకున్న డ్రైవర్లను కూడా, వాళ్ల పేరూ బండి నంబరూ లేకుండా, ఒకరిద్దరిని అడిగి రాయండి.

ఇట్లు,
ఒక పాత లారీ డ్రైవర్,
ఆటోనగర్, విజయవాడ.