పిడికిలి విప్పించిన అమ్మాయికి, మా ఆవిడకి కృతజ్ఞతలు

నిన్న పొద్దున చొక్కా గుండీలన్నీ నేనే పెట్టుకున్నాను. పదకొండు నిమిషాలు పట్టింది. పైనుంచి రెండోది బాగా ఏడిపించి, చివరికి అదీ కాజాలో దూరింది. అందుకే ఈ పోస్టు.

పది నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మెదడులో ఎడమవైపు రక్తనాళం పూడుకుపోయిందన్నారు. కాలు రెండు నెలల్లో దారికొచ్చింది. చెయ్యి మాత్రం పిడికిలి బిగించుకుని కూర్చుంది. చూడవచ్చినవాళ్లు తలా ఒక రబ్బరు బంతి ఇచ్చి నొక్కుతూ ఉండమన్నారు. బుద్ధిగా నొక్కాను. వేళ్లు ఇంకాస్త లోపలికి ముడుచుకున్నాయి.

ఇంటికొచ్చి వ్యాయామాలు నేర్పిన ఫిజియోథెరపిస్టు అమ్మాయి రాగానే ఆ బంతులు తీయించేసింది. "అంకుల్, మీ చేతికి మూసుకోవడం వచ్చు. తెరుచుకోవడమే మరిచిపోయింది" అంది. బల్ల మీద మడతపెట్టిన తువ్వాలు, దాని మీద అరచెయ్యి, ముందుకు తోయడం, వెనక్కి లాగడం. మణికట్టు బల్ల అంచున వేలాడేసి పైకెత్తడం. ఎత్తడమంటే మొదట్లో ఎడమచేత్తో ఎత్తడమే! రోజుకి వందలసార్లు.

తర్వాత అద్దం. బల్ల మీద నిలువుగా పెట్టి, దాని వెనక పడిపోయిన చెయ్యి, ముందు మంచి చెయ్యి. ఎడమచెయ్యి ఆడిస్తుంటే అద్దంలో కుడిచెయ్యే ఆడుతున్నట్టు ఉంటుంది. చెయ్యి తీసేసినవాళ్లకి ఆ లేని చేతిలో వచ్చే నొప్పి కోసం వి.ఎస్. రామచంద్రన్ అనే మెదడు శాస్త్రవేత్త కనిపెట్టిన కిటుకట. 1999 నాటికే పక్షవాతానికీ వాడి చూశారట. నాకైతే పిల్లలాటలా అనిపించింది. మూడోవారం ఒకరోజు చూపుడువేలు గోరంత లేచింది. నేను చూడలేదు, అది అద్దం వెనక ఉంది కదా. మా ఆవిడ చూసి కేకేసింది.

వేళ్లూ మణికట్టూ కాస్త లేవడం మొదలయ్యాక, మంచి చేతికి మందపాటి తొడుగు తొడిగి, అన్ని పనులూ కుడిచేత్తోనే చేయించారు. అమెరికాలో పక్షవాతం వచ్చిన 222 మందిని తీసుకుని, వాళ్లలో దాదాపు సగం మందితో రెండు వారాలు ఇలాగే చేయించి, ఏడాది తర్వాత కూడా మేలు నిలిచిందని 2006లో ప్రచురించారు. చదవడానికి బాగానే ఉంటుంది. గ్లాసు మూడుసార్లు ఒలికినప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను. ఆ మాటలన్నీ భరిస్తూ, లేచి వచ్చి సాయం చెయ్యకుండా కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది చూడండి మా ఆవిడ, ఆ కూర్చోవడానికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

ఒక్క మాట. మంచాన ఉన్న మొదటివారంలో ఒకరు తెలియక ఆ చెయ్యి పట్టి లాగి నన్ను లేపారు. భుజం నొప్పి ఇప్పటికీ పోలేదు. పడిపోయిన చెయ్యి పట్టి లాగకండి, నడుము దగ్గర పట్టుకోండి. వ్యాయామం కూడా తెలిసినవాళ్లు మీ చెయ్యి చూసి చెప్పాకే మొదలెట్టండి.

సంతకం ఇంకా కోడి గీతలే. బంతులు మాత్రం మొన్న పక్కింటి పిల్లలకి ఇచ్చేశాను, కుడిచేత్తో, ఒక్కొక్కటిగా. పట్టుకోవడం సులువే. నాలుగోది వదలడానికి కాస్త ఆలస్యమైంది, ఆ పిల్లాడు చెయ్యి చాపుకుని అలాగే నిలబడ్డాడు.