చెల్లెమ్మ వేళ్ల నొప్పి సంగతి

అనంతపురం

శీనా,

నిన్న ఫోన్లో మాట మధ్యలో అన్నావు చూడు, "మా ఆమె పొద్దున లేస్తే పిడికిలి బిగించలేదు రా, ఎనిమిదైతే గానీ చెంబు పట్టుకోలేదు" అని. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. మా అక్కా అచ్చం ఇట్లే అనేది. ఫోన్లో అయితే సగం మర్చిపోతానని రాస్తున్నా.

అక్కకు ఇది విత్తనం చెనిక్కాయలు వలిచే రోజుల్లో మొదలైంది. వేళ్లు వాస్తే, పొద్దస్తమానం కాయ వలిస్తే వాయవా అనుకున్నాం. వలవడం అయిపోయింది, విత్తడమూ అయిపోయింది, వాపు మాత్రం పోలేదు. మణికట్లకు పాకింది, కాలి వేళ్ల మొదళ్లకూ వచ్చింది. కుడి చేతికి ఎక్కడొచ్చిందో ఎడమ చేతికీ అక్కడే. అప్పుడైనా మాకు అనుమానం రావాల్సింది. మా అమ్మ మోకాళ్ల అరుగుడు వేరు, నడిస్తే నొప్పి, కూర్చుంటే తగ్గుతుంది. అక్కకు రాత్రంతా పడుకుని లేచాకే ఎక్కువ. గంట, గంటన్నర దాకా సంగటి కట్టె పట్టలేకపోయేది, కదిలేకొద్దీ సడలేది. దానికితోడు నీరసం, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడటం, అన్నం సయించకపోవడం. రక్తం తక్కువైందని టానిక్కులు తాగించాం.

ఊళ్లో ఒకాయన నొప్పి సూదులు వేసేవాడు. రెండ్రోజులు హాయి, మళ్లీ మామూలే. అట్లా ఏడాదిన్నర పోయింది. ఆఖరికి బెంగుళూరులో కీళ్ల జబ్బులు చూసే రుమటాలజిస్టుకు చూపిస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం అన్నారు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తే కీళ్ల లోపలి పొర మీద పడుతుందట. పొర వాచి, పక్కనున్న ఎముకను కొరుకుతుంది. సూదితో నొప్పి తెలియకుండా పోయింది గానీ ఆ కొరకడం ఆగలేదు. అక్క వేళ్లు రెండు పక్కకు వంగిపోయాయి శీనా, అవిక మందులతో నిటారు కావు. ఇప్పుడు మందులు పడ్డాక మిగతావి నిలిచాయి, సంగటి మళ్లీ తనే కెలుకుతోంది. ఆ ఏడాదిన్నర తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టుంటుంది.

నువ్వీ రోజే చెల్లెమ్మ చెయ్యి పట్టుకుని చూడు. వేళ్ల మొదళ్లు మెత్తగా ఉబ్బి, వెచ్చగా ఉన్నాయా? షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు మెల్లగా నొక్కితే చెయ్యి లాక్కుంటుందా? గోళ్ల దగ్గరి కీళ్లను మాత్రం ఈ జబ్బు సాధారణంగా వదిలేస్తుంది. ఈమధ్య జ్వరం వచ్చిందేమో కూడా అడుగు, చికున్‌గున్యా తర్వాతా ఇట్లాంటి నొప్పులే ఉంటాయి. కానీ వాపు 6 వారాలు దాటితే ఆగొద్దు, నువ్వేమో ఉగాది నుంచి అంటున్నావు. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రక్త పరీక్షలు రాస్తారు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్ వచ్చిందని ఇంటికొచ్చేయొద్దు, జబ్బున్నా కొందరికి అది కనిపించదు. ఈ జబ్బుకిచ్చే మందు మెథోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర, ఏ రోజో క్యాలెండర్ మీద గుర్తు పెట్టు. రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది.

చెల్లెమ్మ ఇంటిపని ఆగుతుందని వెనకాడుతుందేమో, అక్కతో ఒకసారి ఫోన్ చేయిస్తా. కడప నుంచి ఎప్పుడు బయల్దేరేదీ చెప్పు. నేనూ బెంగుళూరు వస్తా.

నీ
రఘు