బిగుసుకుపోయిన చుక్కానుల మరమ్మతులో లోపాలపై ఫిర్యాదు

బోట్‌యార్డు మేనేజరు గారికి,

విషయం: రెండు చుక్కానులను దించి సర్వీసు చేసే పనిలో లోపాలు, బిల్లు సవరణ గురించి.

అయ్యా,

రెండు ఇంజన్లు, రెండు చుక్కానులు ఉన్న నా పాత ఫైబర్‌గ్లాస్ బోటును గత నెల మీ యార్డుకు అప్పగించాను. స్టీరింగు బాగా బిగుసుకుపోయింది కాబట్టి, రెండు చుక్కానులనూ పూర్తిగా కిందికి దించి, ఇరుసులను (చుక్కానిని తిప్పే నిలువు కడ్డీలను) పరీక్షించి, ఇరుసు తిరిగే బుష్‌లూ, ఇరుసు వెంట నీరు లోపలికి రాకుండా గ్లాండులో కూరే ప్యాకింగూ మార్చి తిరిగి అమర్చాలని జాబ్ కార్డులో స్పష్టంగా రాయించాను. రెండింటికీ పని పూర్తయిందని మీరు బిల్లు వేశారు, నేను మొత్తం చెల్లించాను. తీరా బోటును తీసుకుందామని వచ్చి చూస్తే, కుడి చుక్కానిని మీవాళ్లు అసలు దించనే లేదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. కుడి గ్లాండ్ నట్ల మరల చుట్టూ ఏళ్ల తరబడి పేరుకున్న పచ్చని చిలుము ఉన్నది ఉన్నట్టే ఉంది. రెంచీ పడి ఉంటే నట్ల అంచుల మీద ఒక గీతైనా కనిపించాలి, అదీ లేదు. గ్లాండు అంచున కనిపిస్తున్న ప్యాకింగు గట్టిపడిపోయి, గోటితో గీరితే పొడిగా రాలుతోంది. స్టీరింగు కదలికను ఇరుసుకు అందించే టిల్లర్ ఆర్మ్‌ను దానికి బిగించే బోల్టు తల మీద పాత రంగు పెచ్చు కూడా లేవలేదు. ఆ ఆర్మ్ ఊడదీయకుండా చుక్కాని కిందికి రాదన్న సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఎడమ చుక్కానిని దించిన మాట నిజమే, కానీ దించిన తీరు మరీ ఘోరంగా ఉంది. పాత బోట్లలో గ్లాండు లోపల కదలిక లేక నిలిచిపోయిన నీటిలో ఆక్సిజన్ అందక స్టెయిన్‌లెస్ స్టీలు ఇరుసుకు గుంటలు పడతాయి. నైలాన్ బుష్ అయితే నీటిని పీల్చుకుని ఉబ్బి ఇరుసును పట్టేస్తుంది. అందుకే ముందు తుప్పు వదిలించే నూనె పోసి నానబెట్టి, గ్లాండు వదులు చేసి, టిల్లర్ ఆర్మ్‌నూ, అది ఇరుసు మీద జారకుండా పట్టే కీనీ తీసి, కింద చుక్కాని బరువుకు ఆధారం పెట్టి, పుల్లరుతోనో జాకీతోనో నిదానంగా తిన్నగా నొక్కుతారు. కొట్టక తప్పకపోతే మధ్యలో ఇత్తడి ముక్కో గట్టి చెక్కో అడ్డం పెడతారు. మీవాళ్లు ఇరుసు తల మీద నేరుగా సమ్మెట వేశారు. ఆ దెబ్బలకు తల పుట్టగొడుగులా విచ్చుకుని బుష్‌లోంచి దిగకపోతే గ్రైండరుతో అరగదీశారు; ఆ గీతలు ఇప్పటికీ మెరుస్తున్నాయి. కీ గాడి అంచు వంగిపోయింది కాబట్టి టిల్లర్ ఆర్మ్ చేతితో పట్టుకుని ఊపితే కదులుతోంది. సముద్రంలో అది జారిందంటే ఆ చుక్కాని స్టీరింగుకు అందదు. ఇరుసు వదులవడానికి మీవాళ్లు మంట పెట్టిన చోట ఇరుసు గొట్టం చుట్టూ ఫైబర్‌గ్లాస్ నల్లబడి, పైపూత బుడగలు లేచింది.

పైగా కొత్తగా పెట్టినది గ్రాఫైట్ ప్యాకింగు. ఉప్పునీటిలో గ్రాఫైట్ ఆనుకుని ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలు ఇంకా త్వరగా తినుకుపోతుంది. జబ్బు నయం చేయమంటే జబ్బును పెంచేదాన్నే లోపల పెట్టి మూశారు.

ఇదంతా చూపించినప్పుడు మీ సూపర్‌వైజరు గారు "పాత బోటు కదండీ, ఇలాగే ఉంటుంది" అన్నారు. పాతదని చూసే కదా మీరు పని ఒప్పుకున్నది! తీసేసిన పాత బుష్‌లను నాకు తిరిగి ఇవ్వాలని జాబ్ కార్డులో రాసి ఉన్నా ఒక్కటీ ఇవ్వలేదు.

కాబట్టి కుడి చుక్కానికి వేసిన మొత్తాన్ని వెంటనే వాపసు చేయాలని, ఎడమ ఇరుసును నా సమక్షంలో దించి కొలతలు తీయించి, సరిచేయడానికి వీలు కాకపోతే మీ ఖర్చుతో కొత్త ఇరుసు వేయించాలని, గ్రాఫైట్ లేని ప్యాకింగు వాడాలని, కాలిన ఫైబర్‌గ్లాస్‌ను కింది పొరల దాకా పరీక్షించి బాగుచేయాలని కోరుతున్నాను. పదిహేను రోజులలోగా రాతపూర్వకంగా సమాధానం ఇవ్వగలరు. పని తేలేవరకు బోటు మీ యార్డులో గట్టు మీదే ఉంటుంది. ఆ రోజులకు స్థలం అద్దె నా ఖాతాలో వేయవద్దు.

జతపరచినవి: జాబ్ కార్డు, బిల్లు, రసీదు ప్రతులు, రెండు చుక్కానుల ఫొటోలు.

ఇట్లు,
బోటు యజమాని