వార్షిక నివేదిక: పట్టికలోని వివరాలను కోడుకు అందించే తీరుపై ఈ ఏడాది మన కృషి

గౌరవ సభ్యులకు నమస్కారం.

గుంటూరులోని మన సంఘం ఈ ఏడాది సమావేశాల్లో అధిక భాగాన్ని ఒకే విషయానికి కేటాయించింది. ఆర్గ్ మోడ్‌లో (ఈమాక్స్ అనే ఎడిటర్‌లో నోట్సు, పట్టికలు, కోడు ఒకే ఫైలులో రాసుకునే పద్ధతి) రాసుకున్న పట్టికను అదే ఫైలులోని పైథాన్ కోడు బ్లాకుకు పంపేటప్పుడు ఏ వరుస శీర్షిక, ఏ నిలువు వరుసలో పేర్లున్నాయి, ఏది నిజంగా సంఖ్య అన్నది మనమే ముందుగా నిర్ణయించి చెప్పడం ఎలాగన్నదే ఆ విషయం. సభ్యుల్లో మిర్చి యార్డు లెక్కలు చూసేవారు ఉన్నందున కార్యవర్గం దీన్ని ఎంచుకుంది. మనకు 334, 341 అనేవి మిరప రకాల పేర్లు; కోడుకు మాత్రం అవి కూడటానికి వీలైన సంఖ్యలే.

బ్రాడీపేట సమావేశాల్లో రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), క్వింటా ధర అనే మూడు నిలువు వరుసల పట్టికను నమూనాగా తీసుకున్నాం. 'కోల్‌నేమ్స్' (నిలువు వరుసల శీర్షికలను ఎలా చూడాలో కోడు బ్లాకు పైన చెప్పే ఎంపిక) గురించి ఏమీ చెప్పకపోతే, రెండో వరుసలో అడ్డగీత ఉన్నప్పుడు ఆర్గ్ మోడ్ శీర్షికను పక్కన పెట్టి, మిగతా వరుసలను కోడుకు ఇచ్చి, ఫలితానికి ఆ శీర్షికను తిరిగి చేరుస్తుంది. గీత లేకపోతే శీర్షిక కూడా మామూలు వరుసగానే లోపలికి పోతుంది. 'టిక్కీలు' అన్న మాటను అంకెలతో కూడమనేసరికి పైథాన్ టైప్‌ఎర్రర్ (విలువల రకాలు పొసగలేదన్న దోషం) చూపి ఆగిపోతుంది. 'కోల్‌నేమ్స్'కు 'యెస్' అని రాస్తే గీత లేకున్నా మొదటి వరుసను శీర్షికగానే చూస్తుంది, 'నో' అంటే శీర్షికను వేరు చేయదు. అడ్డగీతలు మామూలుగా తొలగిపోతాయి. అడ్డగీతలకు సంబంధించిన ఎంపికను 'హెచ్‌లైన్స్ యెస్' అని పెడితే ఒక్కో గీత పైథాన్‌కు 'నన్' (None, ఏమీ లేదని సూచించేది) అనే విలువగా చేరుతుంది.

అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది మొదటి నిలువు వరుసను వరుసల పేర్లుగా చూడమనే 'రోనేమ్స్' ఎంపిక మీద. దీన్ని 'యెస్' చేస్తే మొదటి నిలువు వరుస లెక్కలోకి రాదు కనుక 334 పొరపాటున కూడికలో కలిసే ప్రమాదం తప్పుతుంది. అయితే పక్కన పెట్టిన పేర్లను ఆర్గ్ మోడ్ పాత క్రమంలోనే తిరిగి అతికిస్తుంది. కోడు లోపల ధరను బట్టి వరుసలను మార్చితే తేజ అనే మరో రకం ధర 341 పక్కకు చేరవచ్చు, ఎర్రరూ రాదు. ఆగిపోయే కోడుకంటే ఇలా తప్పు చూపే కోడే ఎక్కువ ప్రమాదకరమని కార్యవర్గం గట్టిగా భావిస్తోంది. అందుకే వరుసల క్రమం మారే చోట, లేదా కొన్ని వరుసలను వడకట్టే చోట, 'రోనేమ్స్' వాడకుండా రకం పేరును పట్టికతోపాటే కోడుకు పంపి, అక్కడ మొదటి వాక్యంలోనే దాన్ని అక్షరాలుగా మార్చుకోవాలని నిర్ణయించాం.

సీఎస్‌వీ ఫైళ్ల (విలువలను కామాలతో విడదీసి రాసే పట్టిక ఫైళ్ల) విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరమైంది. పైథాన్‌లో పట్టికలు చదివే పాండాస్ అనే లైబ్రరీతో చదివినప్పుడు గుంటూరు ఎస్‌టీడీ కోడు 0863 మామూలుగా 863 అయిపోతుంది. ఆ తర్వాత అక్షరాలుగా మార్చినా పోయిన సున్నా తిరిగి రాదు. కాబట్టి చదివే వాక్యంలోనే ఆ నిలువు వరుసకు 'డీటైప్' (విలువల రకం) స్ట్రింగ్, అంటే అక్షరాలు, అని రాయడం సభ్యులకు నేర్పించాం.

జమాఖర్చుల వివరాలను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. వచ్చే ఏడాది ఇవే పట్టికలను ఆర్ భాషకు పంపి చూడాలని ప్రతిపాదిస్తున్నాం. సభ్యులు తాము రోజూ వాడే పట్టికల నమూనాలను, వ్యక్తుల పేర్లు, ఫోన్ నంబర్లు తీసివేసి, సమావేశాలకు తీసుకురావలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి