ఇంటర్ పరీక్ష పనిని జాతీయ పరీక్ష చేయజాలదు

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్మీడియట్ పబ్లిక్ పరీక్షలు ఇంకా ఎందుకు, దేశమంతటికీ కలిపి ఒకే అర్హత పరీక్ష పెట్టి, అందులో వచ్చిన మార్కులతోనే మామూలు డిగ్రీ నుంచి వైద్యవిద్య దాకా సీట్లన్నీ ఇచ్చేస్తే పిల్లలకు ఒక భారం తగ్గుతుంది కదా అన్న వాదన ఈ మధ్య తరచుగా వినబడుతోంది. తిరుపతిలో ఈ మాట అంటున్నవారిలో తల్లిదండ్రులే కాక, నాతో పాటు పనిచేసి పదవీ విరమణ చేసిన అధ్యాపకులు కూడా ఉన్నారు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో చాలాకాలం వృక్షశాస్త్రం బోధించిన నేను ఈ వాదనతో ఏకీభవించలేకపోతున్నాను. ఇంటర్ పరీక్ష ఇప్పుడున్న తీరు గొప్పగా ఉందని నేను అనడం లేదు. దాని లోపాలు స్పాట్ వాల్యుయేషన్‌లో (జవాబు పత్రాలు దిద్దే శిబిరంలో) కూర్చున్నవారికి తెలిసినంతగా బయటివారికి తెలియవు. అయితే ఒక విద్యార్థి రెండేళ్లలో ఏం చదివాడో చూసే పరీక్ష వేరు, ఉన్న కొద్ది సీట్లకు పోటీపడేవారిలో ఎవరిని ముందు నిలబెట్టాలో తేల్చే పరీక్ష వేరు. రెండోది ఎంత పకడ్బందీగా జరిగినా మొదటిదాని పని చేయజాలదు.

ఈ వాదన చేసేవారు అమెరికాను ఉదాహరణగా చూపుతున్నారు కాబట్టి ముందుగా ఆ సంగతి చూద్దాం. అక్కడ హైస్కూలు విద్యార్థులకు ప్రతి రాష్ట్రమూ కొన్ని విషయాల్లో ఒకసారైనా పరీక్ష పెట్టాలని ఫెడరల్ చట్టం చెబుతోంది. 2015 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం, రాష్ట్రం సొంతంగా తయారుచేసుకున్న పరీక్షకు బదులుగా జాతీయ గుర్తింపు ఉన్న కాలేజీ ప్రవేశ పరీక్షలైన ఎస్ఏటీ, ఏసీటీ వంటి వాటిని వాడుకోవడానికి దారి చూపింది. మెయిన్ రాష్ట్రం అంతకు ముందే, 2006లోనే, పదకొండో తరగతికి ఎస్ఏటీని వాడడం మొదలుపెట్టింది. కనెక్టికట్, మిషిగన్ 2016లో అదే బాట పట్టాయి. కాలేజీకి దరఖాస్తు చేయాలన్న ఊహే లేని పేద పిల్లలు కూడా తమ బడిలోనే, ఫీజు కట్టకుండా ఆ పరీక్ష రాయగలిగారు. ఇది నిజమైన మేలే. కానీ ఎస్ఏటీలో ఉండేది చదవడం, రాయడం, గణితం మాత్రమే కాబట్టి విజ్ఞానశాస్త్రానికి ఆ రాష్ట్రాలు వేరే పరీక్షను కొనసాగించక తప్పలేదు. అంతకన్నా ముఖ్యమైన తేడా ఒకటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు హైస్కూలు పట్టా ఇచ్చేది ఈ పరీక్షలను బట్టి కాదు. నాలుగేళ్ల పాటు ఒక్కో సబ్జెక్టులో తరగతి ఉపాధ్యాయులు ఇచ్చిన గ్రేడ్లే పట్టాకు ఆధారం, కాలేజీ దరఖాస్తుతో పాటు వెళ్లేవీ అవే. అందువల్ల రాష్ట్ర పరీక్ష పోయినా అక్కడి విద్యార్థి చదువుకు సాక్ష్యం పోదు. మన దగ్గర ఇంటర్ బోర్డు ఇచ్చే మార్కుల జాబితా తప్ప రెండేళ్ల చదువుకు మరో సాక్ష్యమే లేదు.

పైగా అక్కడ కాలేజీ చదువుకు సిద్ధంగా ఉన్నారని చెప్పడానికి వాడే కొలబద్ద కూడా చాలామంది అనుకునేది కాదు. ఎస్ఏటీ గణితంలో 530, చదవడం, రాయడంలో 480 వస్తే, కాలేజీ మొదటి సెమిస్టరులో సంబంధిత కోర్సులో కనీసం ‘సి’ గ్రేడు తెచ్చుకునే అవకాశం 75 శాతం ఉందని మాత్రమే దాని అర్థం. అది ఒక అంచనా, ఉపయోగపడే అంచనాయే. చదువు పూర్తయిందని ఇచ్చే ధ్రువీకరణ మాత్రం కాదు.

మన దేశంలో ఇటువంటి పరీక్ష ఇప్పటికే ఉంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ కోర్సుల కోసం 2022లో సీయూఈటీ వచ్చింది. ఒక్కో పేపరుకు 60 నిమిషాల్లో 50 బిట్లు. సరైన జవాబుకు ఐదు మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. తెలుగులోనూ రాసుకోవచ్చు, అది మెచ్చదగినదే. కానీ సబ్జెక్టు పేపర్ల పాఠ్యాంశాలు పన్నెండో తరగతివే, అంటే ఇంటర్ రెండో ఏడాదివే. పైగా 2025 నుంచి, పన్నెండో తరగతిలో చదవని సబ్జెక్టులో కూడా ఈ పరీక్ష రాయవచ్చన్నారు. ప్రవేశ పరీక్షగా దీన్ని సమర్థించుకోవచ్చు, ఆసక్తి మారిన పిల్లవాడికి అది ఒక తలుపు తెరుస్తుంది. అదే పరీక్షను ఇంటర్‌కు బదులుగా పెడితే, రెండేళ్ల కోర్సులో మొదటి ఏడాది ఎవరూ అడగని ఏడాది అవుతుంది.

నా సబ్జెక్టులో ఆ మొదటి ఏడాదిలో ఏముందో చెప్పకపోతే ఈ మాట గాలిలో ఉండిపోతుంది. పుష్పించే మొక్కల స్వరూపం, కుటుంబాల వర్ణన, వేరు, కాండం, పత్రం అంతర్నిర్మాణం అన్నీ అక్కడే ఉన్నాయి. ఉమ్మెత్త పువ్వును చేత్తో పట్టుకుని, ఆకర్షక పత్రాలు ఎన్ని, అండాశయం ఎలా ఉంది అని విప్పి చూసి, ఇది సొలనేసి కుటుంబం అని తానే తేల్చుకున్న విద్యార్థికి, ఆ కుటుంబం పేరును నాలుగు ఐచ్ఛికాల్లో గుర్తుపట్టడానికి అలవాటుపడిన విద్యార్థికి మధ్య ఉన్న దూరం డిగ్రీ మొదటి సంవత్సరం ప్రయోగశాలలో బయటపడుతుంది. కాండానికి అడ్డుకోత తీయడం, పలుచని కోతను ఎంచుకోవడం, రంజకం వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టి, కనబడినదాన్ని గీయడం ఏ కంప్యూటర్ పరీక్షా అడగలేదు. శేషాచలం కొండల పరిసరాల్లో మాత్రమే సహజంగా పెరిగే సైకస్ బెడ్డోమీ గురించి మన బోర్డు ఒక ప్రశ్న వేయదలిస్తే వేయగలదు (వేసినట్టు నాకు గుర్తు లేదు, అది వేరే విచారం). దేశమంతటి పిల్లలకు ఒకే ప్రశ్నపత్రం తయారుచేసేవారికి ఆ వీలు కూడా ఉండదు.

పరీక్షలో విలువ లేనిది తరగతిలో నిలవదన్న సంగతి మనం ఇప్పటికే చూశాం. 2013 నుంచి 2016 దాకా ఎన్‌ఐటీల ప్రవేశానికి ఇచ్చే జేఈఈ మెయిన్ ర్యాంకులో పన్నెండో తరగతి మార్కులకు 40 శాతం వెయిటేజీ ఉండేది. బోర్డుల మధ్య తేడాలను పర్సెంటైల్ లెక్కతో (తన బోర్డులో ఎంత శాతం మంది కన్నా ముందున్నాడో చూసే లెక్కతో) సర్దేవారు. ఆ లెక్క మీద గొడవలూ ఉండేవి. 2017లో వెయిటేజీని తీసేశారు, కనీస అర్హతగా మాత్రమే బోర్డు మార్కులు మిగిలాయి. మన రాష్ట్రంలో వైద్య సీట్లు 2017లో నీట్ పరిధిలోకి వెళ్లాక అక్కడా అదే పరిస్థితి. ఆ తర్వాత నేను ప్రాక్టికల్ పరీక్షకుడిగా వెళ్లిన ఒక ప్రైవేటు కళాశాలలో సూక్ష్మదర్శినులు కొన్నప్పటి అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. పిల్లలు తెలివైనవాళ్లు, అడిగిన ప్రతి నిర్వచనమూ అప్పజెప్పారు. బ్లేడు ఎలా పట్టుకోవాలో మాత్రం తెలియలేదు. యాజమాన్యం ప్రతినిధి నాతో, ‘ర్యాంకుకు పనికిరానిదానికి టైము ఎక్కడుంది సార్’ అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు, ఉన్న నియమాల ప్రకారం ఆయన లెక్క సరైనదే.

సరిహద్దు దాటితే ఇదే కథ ఇంకో రూపంలో కనబడుతుంది. తమిళనాడులో ప్రైవేటు పాఠశాలలు ప్లస్ వన్ పాఠాలను వదిలేసి రెండేళ్లూ ప్లస్ టూ పాఠాలే రుద్దుతున్నాయన్న కారణంతో 2017–18లో పదకొండో తరగతికి పబ్లిక్ పరీక్ష పెట్టారు. 2025లో పిల్లల ఒత్తిడి పేరుతో దాన్ని మళ్లీ తీసేశారు. అయితే అక్కడ ఇంజినీరింగ్ సీట్లకు ప్రవేశ పరీక్షే లేదు. గణితం 100, భౌతికశాస్త్రం 50, రసాయనశాస్త్రం 50 చొప్పున ప్లస్ టూ మార్కులతో 200కు కటాఫ్ కట్టి సీట్లిస్తారు. నగరిలోని పిల్లవాడు మన రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కోచింగ్‌కు తిరుపతి రావాల్సి ఉండగా, కాస్త దూరంలోని తిరుత్తణి పిల్లవాడు తన బడిలో రాసిన పరీక్షతో ఇంజినీరింగ్‌లో చేరుతున్నాడు. అందువల్ల అక్కడి ఇంజినీరింగ్ కళాశాలలు మూతబడలేదు, ఇంజినీర్ల కొరతా రాలేదు. జాతీయ పరీక్ష లేకపోతే ప్రతిభను గుర్తించలేమనేవారు ఈ పక్క జిల్లాను ఒకసారి చూడాలి.

అన్నిటికన్నా నన్ను బాధించేది, ఈ చర్చలో ఎంపీసీ, బైపీసీ పిల్లలు తప్ప మరెవరూ కనబడకపోవడం. రామకుప్పంలోనో, కార్వేటినగరంలోనో, సత్యవేడులోనో కామర్స్, ఆర్ట్స్ గ్రూపులైన సీఈసీ, హెచ్‌ఈసీ, ఒకేషనల్ కోర్సులు చదివే పిల్లలు ఉన్నారు. వారిలో డిగ్రీకి వెళ్లేవారికి మన రాష్ట్రంలో ఇంటర్ మార్కుల మీద ఆన్‌లైన్‌లో సీటు వస్తుంది. దానికి వేరే పరీక్ష, వేరే ఫీజు, వేరే కోచింగ్ అక్కరలేదు. డిగ్రీకి వెళ్లని కుర్రవాడికి పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి ఇంటర్ పాసైన పత్రం కావాలి. ఉపాధ్యాయ శిక్షణ కోర్సు డీఈడీ చదవాలనుకునే అమ్మాయికీ అదే కావాలి. వీరందరూ ఇంటర్ పరీక్షను తమ మండలంలోనో పక్క మండలంలోనో రాస్తారు. తప్పితే కొద్ది వారాల్లో సప్లిమెంటరీ ఉంది, మార్కులు తక్కువైతే ఇంప్రూవ్‌మెంట్ ఉంది, ఏడాది వృథా కాదు. సీయూఈటీ ఏడాదికి ఒకసారే. కంప్యూటర్ కేంద్రం ఉన్న పట్టణానికి, ముందు రోజే, తోడు ఒకరిని తీసుకుని వెళ్లాల్సి వస్తే, కుప్పం ప్రాంతపు కూలీల ఇంటి ఆడపిల్లను ఎందరు తల్లిదండ్రులు పంపుతారో నాకు అనుమానమే. ఎంపీసీ, బైపీసీల్లో నిన్నమొన్నటి దాకా నడిచిన లెక్కలో 1000 మార్కులకు 400 భాషలవి. ఇంగ్లిష్, తెలుగుల్లో ఒక పేజీ సొంతంగా రాయాల్సిన చివరి సందర్భం చాలామంది పిల్లలకు అదే. అదీ పోతే, వాళ్లు ఆపై చదువంతా బిట్లతోనే గడిపేస్తారు.

ఒకే పరీక్ష మీద అంతా ఆనుకుంటే అది తడబడినప్పుడు ఏమవుతుందో 2024లో చూశాం. ఆ ఏడాది నీట్‌లో 1,563 మందికి కలిపిన గ్రేస్ మార్కులను వెనక్కి తీసుకుని మళ్లీ పరీక్ష పెట్టాల్సి వచ్చింది, ప్రశ్నపత్రం లీకు వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ ఏడాది జూన్‌లోనే, కళాశాల అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌ను జరిగిన మర్నాడే రద్దు చేశారు. రాష్ట్ర బోర్డులు తప్పులు చేయవని కాదు, 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం ఎవరూ మరిచిపోలేదు. రాష్ట్ర బోర్డు తప్పు చేస్తే దాని నష్టం ఒక రాష్ట్రంతో ఆగుతుంది, నిలదీయడానికి విజయవాడ చాలు, ఢిల్లీ దాకా పోనక్కరలేదు.

ఇక ఇంటర్ పరీక్ష లోపాల సంగతి. ఏటా అవే ప్రశ్నలు తిరిగి రావడం, గైడులో ఉన్న జవాబును అక్షరం పొల్లుపోకుండా రాసినవారికే పూర్తి మార్కులు పడడం, ప్రాక్టికల్స్‌లో అందరికీ దాదాపు నిండా మార్కులు వేయడం వల్ల ఆ మార్కుల మీద విశ్వవిద్యాలయాలకు నమ్మకం పోయింది. ఆ నమ్మకాన్ని పోగొట్టింది బయటివారు కాదు, మేమే. 2025 జనవరిలో మన బోర్డు మొదటి సంవత్సరం పబ్లిక్ పరీక్షలను తీసేసే ప్రతిపాదన పెట్టి, వచ్చిన అభిప్రాయాలు చూసి విరమించుకుంది. మంచి పని చేసింది. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యాంశాలకు మారడం కూడా మంచిదే, సిలబస్ వేరు కాబట్టి మన పిల్లలు వెనకబడుతున్నారన్న ఫిర్యాదుకు ఇక చోటుండదు. మిగిలింది ప్రశ్నల తీరు, ప్రాక్టికల్స్ నిజాయితీ. ప్రతి పేపరులో నాలుగో వంతు ప్రశ్నలైనా పాఠ్యపుస్తకంలో నేరుగా జవాబు దొరకనివిగా ఉండాలి. ప్రాక్టికల్ పరీక్షకు బయటి కళాశాల నుంచి పరీక్షకుడు రావాలి, ఆయనకు మర్యాదల పేరుతో జరిగే ఏర్పాట్లు ఆగాలి.

ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు ఉన్న 25 శాతం వెయిటేజీ కరోనా కాలంలో ఆగి మళ్లీ వచ్చింది. తెలంగాణ 2023లో దాన్ని పూర్తిగా ఎత్తేసింది. మన రాష్ట్రం ఆ దారిన పోకూడదని ఉన్నత విద్యామండలిని కోరుతున్నాను. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు కూడా సీయూఈటీ మార్కులకు తోడుగా బోర్డు మార్కులకు కొంత విలువ ఇవ్వాలి. బోర్డుల మధ్య తేడాలను సర్దడానికి 2013లో జేఈఈకి వాడిన పర్సెంటైల్ పద్ధతి చేతిలో ఉంది, దాని లోపాలు సవరించి వాడుకోవచ్చు. ఇంటర్ బోర్డుకు నా విజ్ఞప్తి ఒక్కటే. ఫలితాలు ప్రకటించే రోజున ఉత్తీర్ణతా శాతాలు, జిల్లాల స్థానాలు చెప్పి ఊరుకోకుండా, ఒక్కో పేపరులో ఏ ప్రశ్నకు ఎంతమంది జవాబు రాశారో, ఎక్కడ ఎక్కువమంది తడబడ్డారో జిల్లాల వారీగా వెల్లడించాలి. అది ఉంటే జూన్‌లో కళాశాల తెరిచేసరికి ఏ పాఠం మళ్లీ చెప్పాలో అధ్యాపకుడికి తెలుస్తుంది.

ఇట్లు,
విశ్రాంత జూనియర్ అధ్యాపకుడు (వృక్షశాస్త్రం),
తిరుపతి